తుప్పు వదిలితే... తుర్రుమంటుంది!

విశాఖపట్నంలో సైకిల్‌కి రెండు గండాలు. ఒకటి ఉప్పుగాలి, రెండోది ఏటవాలు రోడ్డు. మొదటిది సైకిల్‌ని కొరుక్కుతింటుంది. రెండోది... బ్రేకు పడకపోతే తొక్కేవాళ్ల మోకాళ్లని కొరుక్కుతింటుంది. ఈ రెండు గండాలూ గట్టెక్కిన ఓ పాత సైకిల్ సంగతి ఇది.

ఎంవీపీ కాలనీలోని ఆ ఇంట్లో నాన్న బ్యాంకు ఉద్యోగి, అమ్మ టీచరు. అమ్మాయి తొమ్మిదో తరగతి. ట్యూషన్ ఇంటికి కిలోమీటరున్నర దూరం. పోయేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మెరక. 'గేర్ల సైకిల్ కొనిపెట్టు నాన్నా' అని వేసవి సెలవుల నుంచీ ఒకటే పోరు. షాపుకెళ్లి ధర అడిగితే పన్నెండు వేలన్నారు.

'‌రేపు ఇంటర్‌లో చేరితే హాస్టలంటావు. అంత పోసి కొత్తదెందుకమ్మా? పాతది ఏదైనా చూసి మనమే బాగుచేసుకుందాం' అన్నాడు నాన్న.

అమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. 'పాతదైనా సరే, కొత్తదైనా సరే. బ్రేకులు నేను చూశాకే అది గేటు దాటాలి.'

నాన్నకి సైకిల్ తొక్కడం వచ్చు. పంక్చర్ వేయడం కూడా రాదు. అందుకే వీధి చివర ముప్ఫయ్యేళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్న పెద్దాయన దగ్గరికెళ్లాడు. 'బాబాయ్, ఆదివారం కాస్త నాతో వస్తావా?' అని అడిగాడు. కొత్తగా పాత సైకిల్ కొనేవాళ్లు చేయాల్సిన మొట్టమొదటి పని ఇదే. తెలిసిన కన్ను ఒకటి తోడు తీసుకెళ్లడం.

రంగు చూడకు... రాడ్డు చూడు

మొదట చూసింది ఎర్రటి సైకిల్. ముందూ వెనకా స్ప్రింగులు, డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. తళతళా మెరుస్తోంది. అమ్మాయి కళ్లు అంతకన్నా మెరిశాయి.

పెద్దాయన గేర్ల జోలికే పోలేదు. తడిగుడ్డతో ఒక్కచోట తుడిచాడు. హ్యాండిల్ దిగే గొట్టానికి కింది రాడ్డు అతికే చోట. అక్కడ రంగు మీద వెంట్రుకవాసి గీత కనిపించింది. గోరుతో గీరితే గోరు పట్టింది. 'ఇది గీత కాదు బాబూ, చీలిక' అన్నాడు.

పైపై గీతకు గోరు దాదాపు తగలదు, లోహం మెరుస్తూ కనబడుతుంది. చీలికైతే గోరు పడుతుంది. దాని చుట్టూ రంగు ముడతపడటమో, పెచ్చులూడటమో ఉంటుంది. సైకిల్‌ని గట్టిగా ఏ గోడకో గుద్దితే దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. పల్లంలో దిగుతున్నప్పుడు అది విరిగిందంటే ఇక ఏ బ్రేకూ కాపాడదు. పైగా ఆ ఫ్రేమ్ అల్యూమినియం. స్టీలు ఫ్రేమ్‌ని మంచి పనివాడు అతికించగలడు కానీ, అల్యూమినియాన్ని వీధి వెల్డింగుతో అతికించి నమ్మడానికి లేదు. ఏది ఏ లోహమో తెలుసుకోవడానికి ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ముక్క చాలు. అంటుకుంటే స్టీలు.

ఆ సైకిల్‌కి మరో లోపమూ ఉంది. పెడళ్ల ఇరుసు గొట్టం అడుగున సాధారణంగా ఫ్రేమ్ నంబరు ఉంటుంది. అక్కడ ఆకురాయితో అరగదీసిన గుర్తు. బిల్లేదని అడిగితే 'ఎక్కడో పోయింది సార్' అన్నాడు అమ్మే కుర్రాడు. దొంగసొత్తని తెలిసి గానీ, అనుమానించడానికి కారణం ఉండి గానీ కొంటే కొన్నవాళ్లదీ నేరమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. చవగ్గా వస్తోందని చెయ్యి చాపకూడని బేరం ఇదే.

ముగ్గురూ ఉత్త చేతులతో వెనక్కొచ్చారు. దారంతా అమ్మాయి మాట్లాడితే ఒట్టు!

పది నిమిషాల పరీక్ష

రెండోది లాసన్స్‌బే కాలనీలో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికింది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో సైకిళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది కదా. అప్పుడు కొన్నవి ఎన్నో ఇప్పుడు ఇలాగే కరెంటు మీటర్ల పక్కన దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఇదీ అలాంటిదే. కొన్న కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. వాళ్లమ్మ బిల్లు కూడా జాగ్రత్తగా దాచింది. బూడిద రంగు స్టీలు ఫ్రేమ్, స్ప్రింగుల్లేని మామూలు ఫోర్క్, 26 అంగుళాల చక్రాలు, టైర్లు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. చైను చూస్తే ఎర్రమట్టి ముద్ద.

పెద్దాయన ఈసారి కింద కూర్చున్నాడు. ఆయన చూసినవి ఇవీ:

* ఫ్రేమ్ అతుకులన్నీ. ఎక్కడా చీలిక, సొట్ట లేదు.
* పక్క నుంచి ఫోర్క్. హ్యాండిల్ గొట్టంతో తిన్నగా సాగాలి. ఫోర్క్ వెనక్కి వంగినట్టుంటే ఎక్కడో గుద్దినట్టే.
* సీటు రాడ్డు. పైకీ కిందికీ కదలాలి. తుప్పుతో బిగుసుకుపోతే ఎత్తు మార్చుకోలేరు.
* చక్రాలు. ఎత్తి తిప్పి, రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్య సందు చూడాలి. కాస్త అటూఇటూ ఊగితే పుల్లలు బిగించి బెండు తీయొచ్చు. రిమ్ము సొట్టపోతే మాత్రం మార్చాల్సిందే.
* హ్యాండిల్. ముందు బ్రేకు నొక్కిపట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపాలి. 'టక్ టక్'మంటే లోపల బిగింపు వదులైనట్టు.
* పెడల్ కాడ. పట్టుకుని పక్కకి లాగితే కదలకూడదు. కదిలితే ఇరుసులో బాల్స్, కప్పులు అరిగి ఉండొచ్చు.
* చివరిగా కొలత. అమ్మాయిని పైరాడ్డుకి అటూఇటూ కాళ్లేసి నిలబడమన్నాడు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాక రాడ్డుకి పైన కనీసం రెండంగుళాల సందుండాలి. ఉంది.

'గేర్లు పడట్లేదు తాతా' అంది అమ్మాయి దిగాలుగా. 'అవి కేబుల్ తుప్పమ్మా. ఎముక గట్టిదైతే కండ పట్టించొచ్చు' అని నవ్వాడాయన.

బేరమాడే ముందు నాన్న ఓ కాగితం మీద మార్చాల్సిన సామాన్ల జాబితా రాశాడు. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, చైను. ఎదురుగా షాపు ధరలు. ఆ కాగితమే బేరమాడింది! మూడున్నర వేలు అడిగిన ఆవిడ జాబితా చూసి రెండు వేలకు ఒప్పుకుంది.

పాతసామాన్లోంచే పుట్టింది

ఇంటికి తెచ్చిన సైకిల్‌ని చూసి అమ్మాయి మొహం చిన్నబోయింది. 'ఇది పాతసామాను వాడికి వేసేది కదా నాన్నా!'

నిజానికి మౌంటెన్ బైక్ పుట్టిందే పాతసామాన్లోంచి. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లకి మౌంట్ టమాల్పైస్ కొండ మీద నుంచి మట్టిబాటలో సైకిళ్ల మీద దిగాలని సరదా పుట్టింది. సన్నటి టైర్ల రేసు సైకిళ్లు ఆ రాళ్లకి తట్టుకోలేవు. అందుకని 1930, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లని పాతసామాన్లలో ఏరుకొచ్చి, అక్కర్లేనివన్నీ పీకేసి, గట్టి సామాన్లు బిగించి తొక్కేవారు. వాటికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'క్లంకర్లు'. మన భాషలో చెప్పాలంటే డొక్కు సైకిళ్లు.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ పట్నం దగ్గరి ఓ కొండ బాటలో తొలి పందెం పెట్టుకున్నారు. మూడున్నర కిలోమీటర్లు కూడా లేని ఆ బాట దాదాపు 1300 అడుగులు కిందికి దిగుతుంది. ఆ సైకిళ్లకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కింద దాకా తొక్కేసరికి వెనక చక్రం ఇరుసు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ బాటకి 'రీప్యాక్' అని పేరొచ్చింది. మళ్లీ కూరడమని అర్థం. చూశారా, ఓ బాటకి పేరొచ్చింది వేగం వల్ల కాదు, బ్రేకు వల్ల!

ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే కొత్త ఫ్రేమ్ తయారుచేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో 'మౌంటెన్‌బైక్స్' పేరుతో కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ తెచ్చిన 'స్టంప్‌జంపర్'తో ఈ సైకిల్ షాపులకెక్కింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆటగా చేరింది. అంతా ఇరవై ఏళ్లలోనే! మన ఊళ్లలో 'రేంజర్ సైకిల్' అంటూ పిల్లలు వెంటపడ్డ లావు టైర్ల సైకిళ్లు ఈ వంశానివే.

ఈ కథ విన్నాక అమ్మాయి పాత టూత్‌బ్రష్ పట్టుకొచ్చింది.

మొదటి ఆదివారం: కడుగుడు

సబ్బునీళ్లు, గుడ్డ, టూత్‌బ్రష్. ఇంతే సరంజామా. కార్లు కడిగే పైపుతో జోరుగా నీళ్లు కొట్టకూడదు. ఇరుసుల్లోకి నీళ్లు దూరి గ్రీజుని తరిమేస్తాయి. చైనుని మాత్రం ఆరుబయట, పొయ్యికీ నిప్పుకీ దూరంగా కిరసనాయిలులో నానబెట్టారు. పైపై తుప్పుని ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, రంగు పూశారు. ఉప్పుగాలి చేసిన పాడుకి ఉప్పుకాగితమే మందు! సీటు రాడ్డుకి గ్రీజు రాసి దించారు.

ఈలోగా నాన్న కొబ్బరినూనె సీసాతో వచ్చాడు. పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టాడు. వంటనూనెలు, కొబ్బరినూనెలు కొన్నాళ్లకి జిగురై దుమ్ముని పట్టేస్తాయి. చైనుకి సైకిల్ చైను నూనె మంచిది. అదీ ఒక్కో గుండ్రటి ముక్క మీద ఒక్కో చుక్క. పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలిందంతా గుడ్డతో తుడిచేయాలి. నూనె పనిచేసేది లోపల. బయట ఉన్నది దుమ్ముకి విందు.

రెండో ఆదివారం: బ్రేకులు, టైర్లు

కొత్తవాళ్లంతా గేర్లతో మొదలుపెడతారు. పెద్దాయన వరస వేరు. 'ముందు ఆగాలి, తర్వాత దొర్లాలి, ఆ తర్వాతే పరిగెత్తాలి.'

పాత బ్రేకు రబ్బర్లు గోరు దిగనంత గట్టిపడి ఉన్నాయి. బయటికి బాగానే కనిపిస్తాయి, నొక్కితే మాత్రం జారతాయి. కొత్తవి వేసి, రబ్బరు మొత్తం రిమ్ము మీదే ఆనేలా బిగించారు. కాస్త పైకి జరిగితే టైరుని కోసేస్తుంది. కిందికి జరిగితే రిమ్ము దాటి పుల్లల్లోకి పోతుంది. వదిలినప్పుడు రిమ్ముకీ రబ్బరుకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందుంటే చాలు. గట్టిగా నొక్కినా లీవరు హ్యాండిల్‌కి తగలకూడదు. రిమ్ము మీద నూనె వేలు పడ్డా తుడిచేయాలి. బ్రేకు తీగ, గేరు తీగ చూడ్డానికి ఒకేలా ఉన్నా బ్రేకు తీగ లావు. గేరుది బ్రేకుకి వేస్తే తెగిపోవచ్చు.

టైర్ల దగ్గర నాన్న బోల్తాపడ్డాడు. షాపులో '26 అంగుళాలది' అని అడిగి తెచ్చాడు. ఎంత సర్దినా వదులుగా జారిపోతోందే తప్ప రిమ్ములో కూర్చోదే! చూస్తే దాని మీద 26×1⅜ అని ఉంది. పాత టైరు మీద 26×1.95. రెండూ ఇరవయ్యారే కదా అనుకుంటే పొరపాటు. మొదటిది 590 మిల్లీమీటర్ల రిమ్ముకి, రెండోది 559 మిల్లీమీటర్ల రిమ్ముకి. అంటే మూడు సెంటీమీటర్లకు పైగా తేడా. అందుకే షాపుకెళ్లేటప్పుడు పాత టైరు మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టు రాసుకెళ్లాలి. భిన్నం ఉంటే భిన్నం, దశాంశం ఉంటే దశాంశం.

గాలి ఎంత పట్టాలో కూడా టైరు పక్కనే రాసి ఉంటుంది. ఇలాంటి సైకిళ్లలో చాలావాటికి మోటార్‌సైకిల్ తరహా వాల్వే ఉంటుంది కాబట్టి పెట్రోల్ బంకులోనూ గాలి పట్టొచ్చు. కానీ అక్కడి యంత్రం జోరెక్కువ. అంకె చూస్తూ కొంచెం కొంచెంగా పట్టకపోతే 'ఢాం'!

మూడో ఆదివారం: చైను, గేర్లు

చైను అరిగిందో లేదో చెప్పడానికి పిల్లల స్కేలు చాలు. ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టి చూస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం రావాలి. అంగుళంలో పదహారోవంతు దాటిందంటే చైను మార్చాలి. ఎనిమిదోవంతు దాటిందంటే చైనుతోపాటు వెనక పళ్ల చక్రాలూ అరిగినట్టే. వాటి మీద కొత్త చైను వేస్తే ఎక్కుడులో గట్టిగా తొక్కగానే జారుతుంది. వీళ్ల సైకిల్‌కి రెండూ మార్చాల్సి వచ్చింది. ఫ్రీవీల్ ఊడదీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి కాబట్టి ఆ పనీ, చక్రం బెండు తీసే పనీ పెద్దాయన షాపులోనే చేశాడు. అన్నీ ఇంట్లోనే చేయాలన్న పంతం అక్కర్లేదు.

పెడళ్లు మార్చబోయి నాన్న ఎడమదాన్ని పానాతో తెగ తిప్పాడు. ఎంతకీ ఊడదే! ఎడమ పెడల్‌కి మర తిరగలి. సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. బలం పెడితే మర చెడిపోయి పెడల్ కాడే మార్చాలి.

ఇక గేర్లు. వెనక చక్రం పక్కన వేలాడే డిరైలర్‌కి రెండు చిన్న స్క్రూలుంటాయి. ఒకటి చైను చిన్న చక్రం దాటి బయట పడకుండా, రెండోది పెద్ద చక్రం దాటి పుల్లల్లో పడకుండా ఆపుతాయి. వాటి పక్కన ఇంగ్లిషు అక్షరాలు హెచ్, ఎల్ ఉంటాయి. ఎల్ స్క్రూ వదులుగా ఉంటే మెరక ఎక్కుతూ గేరు మార్చినప్పుడు చైను పుల్లల్లో ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. ఈ రెండూ సరిచేశాకే కేబుల్ బిగించాలి. అప్పటికీ గేరు సగంలో తడబడితే కేబుల్ చివర ఉండే చిన్న మరని పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడాలి. సైకిల్‌ని తలకిందులు చేసి పెడల్ తిప్పుతుంటే 'టక్... టక్...' అంటూ ఒక్కో గేరూ పడింది. నాన్నకి బ్యాంకు పరీక్ష పాసయిన రోజున కూడా అంత ఆనందం కలగలేదట!

నాలుగో ఆదివారం: అమ్మ పరీక్ష

ఖర్చు లెక్క: టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, చైను, ఫ్రీవీల్, నూనె, గ్రీజు, పెద్దాయన కూలి అన్నీ కలిపి మూడు వేలు. కొన్న రెండు వేలూ కలిపితే ఐదు. ఊరిని బట్టి, సైకిల్‌ని బట్టి అంకెలు మారతాయి. సూత్రం ఒక్కటే. కొన్న ధర, బాగుచేసే ఖర్చు కలిపితే కొత్తదాని ధరలో సగం దాటకూడదు. దాటేలా ఉంటే ఆ సైకిల్‌కి దణ్ణం పెట్టి వచ్చేయడమే మేలు. హెల్మెట్, బెల్లు, వెనక ఎర్రలైటు మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి ఎలాగూ కొనాల్సిందే.

ఆ ఉదయం అమ్మ చీర కొంగు బిగించి గేటు దగ్గర నిలబడింది. పెద్దాయన ఆమెకి పరీక్ష నేర్పాడు. ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ని ముందుకు తోస్తే వెనక చక్రం గాల్లోకి లేవాలి. వెనక బ్రేకు నొక్కి తోస్తే చక్రం తిరక్కుండా నేల మీద ఈడ్చుకుపోవాలి. సైకిల్‌ని రెండంగుళాలు ఎత్తి వదిలితే ఎక్కడా గలగలమనకూడదు.

అమ్మ మూడూ చేసింది. ఒక్కోటీ రెండేసి సార్లు. తర్వాత అమ్మాయి వైపు చూసి, 'ఊఁ... ముందు చదును మీద' అంది.

చదును మీద పది చక్కర్లయ్యాక పల్లం వంతు. అమ్మాయి దిగుతుంటే నాన్న వెనకే పరుగు. సగంలో బ్రేకు నొక్కింది. సైకిల్ కిక్కురుమనకుండా ఆగింది. మళ్లీ వదిలింది, మళ్లీ ఆపింది. వచ్చేటప్పుడు మెరక మీద గేరు తగ్గించి, దిగకుండా గేటు దాకా తొక్కుకొచ్చింది. చెమటలు కారుతున్నాయి, పళ్లన్నీ బయటికున్నాయి.

'ఇంకో వారం తొక్కాక ఒకసారి షాపుకి తీసుకురా తల్లీ. కొత్త కేబుళ్లు సాగుతాయి, నట్లు కూడా ఇంకోసారి బిగించాలి' అని పెద్దాయన సంచీ భుజానికేసుకున్నాడు.

సైకిల్ గోడకి ఆనించబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

'ఆ సీటు కాస్త దించండి. టెన్త్ అయ్యాక మళ్లీ ముట్టుకోలేదు... ఓసారి చూస్తా!'